నాగిని ఇల్లు ఎవరి పేరున వున్నది?

సిరిసిల్లలో పొద్దుగూకిన తర్వాత సాంచాల చప్పుడు సందున టెలివిజన్ గొంతు వినబడుతుంది. మా చెల్లెలు బీడీల చాట ఒడిలో పెట్టుకొని, వేళ్ళు ఆకుమీద, కళ్ళు తెరమీద వుంచి పాముల సీరియలు చూస్తుంది. మన అభ్యుదయ మిత్రులు అటువంటి వాటిని "మూఢనమ్మకం" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. నేనూ చాలాకాలం ఆ మాటే అన్నాను. కాని మనిషి పాముగా మారుతుందని నిజంగా నమ్మే ప్రేక్షకురాలు యింతవరకు నాకు తారసపడలేదు. వాళ్ళు అక్కచెల్లెళ్ళ సంగతి, అత్తాకోడళ్ళ సంగతి చూస్తున్నారు. మనం విమర్శించవలసిందీ అదే.

ఏక్తా కపూర్ నిర్మాణంలో 2015లో హిందీలో మొదలై, డబ్బింగుతో మన ఇళ్ళకు వచ్చిన "నాగిని"నే తీసుకోండి. నాగమణి కోసం తన తలిదండ్రులను చంపినవారిమీద పగ తీర్చుకోవడానికి శివన్య శత్రువుల ఇంటికే కోడలవుతుంది. శేష ఆమెకు తోబుట్టువు వరస, పగలో తోడు. ఇద్దరూ కోరిన రూపం దాల్చగలరు, ఎంతటివాణ్ణయినా మట్టుపెట్టగలరు. ఇంతటి ఆడవాళ్ళను సృష్టించి కథకులు చేసిన పని యేమిటి? రితిక్ అనే యువకుణ్ణి ఇద్దరి నడుమ నిలబెట్టారు. అతని మీది మోజుతో శేష తోడబుట్టినదానికి ద్రోహం చేస్తుంది. ఒక్క మగవాడు అడ్డం వస్తే చాలు, ఆడదానికి ఆడది శత్రువేనట! మానవాతీత శక్తి వున్నా యీ సూత్రం మారదట!

ఇదంతా బొంబాయి వ్యాపారుల పాపమని చేతులు దులుపుకుందామా? మా వైపు బతుకమ్మను గూర్చి చెప్పుకొనే కథల్లో ఒకటున్నది. చెరువు దగ్గర వదినెమరదళ్ళ చీరలు తారుమారవుతాయి. మాటామాటా పెరిగి వదినె మరదలిని చంపుతుంది. చచ్చిన పిల్ల తంగేడై పూచి, అన్నకు తన సంగతి తెలియజేస్తుంది. ఇక్కడా హంతకి ఆడదే, అన్న నిర్దోషి. కథ చీర దగ్గరే ఆగింది. ఆ ఇంట్లో ఆడబిడ్డకు చీర తప్ప మరేమి వున్నదో అడగలేదు.

నేను అడగదలచినది అదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టం పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు యిచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్ళయినవారికీ దాన్ని విస్తరించింది. అయినా హక్కు అడిగిన చెల్లెలు మన ఊళ్ళల్లో "పుట్టింటి మీద పడ్డది" అనిపించుకుంటుంది. వదిలేసిన చెల్లెలు బంగారుతల్లి. తోబుట్టువుల ప్రేమకు మనం కట్టిన వెల అది. సీరియలు రచయితకు ఆ తగవు పనికిరాదు. దానిలో దోషిగా నిలబడవలసినవాడు అన్న కాబట్టి, ఒక మగవాడి కోసం పోట్లాట అతనికి క్షేమం.

ఇతరులను అనడం సులభం. మా నాన్న పోయిన తర్వాత ఇంటిమీద, నాలుగు సాంచాల షెడ్డుమీద తనకేమీ వద్దని మా చెల్లెలు సంతకం పెట్టింది. స్త్రీ సమానత్వం మీద ఉపన్యాసాలిచ్చే నేను వద్దనలేదు. ఆ బతుకమ్మకు మంచి చీర కొనిపెట్టాను. నా మనసు తృప్తిపడింది కూడాను.

మొన్న సీరియలు నడుమ ఆమె బీడీ చుడుతూనే అడిగింది: "అన్నా, గింత శక్తి ఉన్నది గదా, గామె అత్తగారింట్లనే ఎందుకుంటది? గామెకు సొంతిల్లు లేదా?"

"కథ కదమ్మా" అన్నాను. ఆమె తెర వంక చూస్తూ మరో ఆకు అందుకున్నది.