సమాఖ్యలో పంపక ధర్మము

ఉమ్మడి కుటుంబములో పుట్టి పెరిగినవారికి పంపకమనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. అన్నదమ్ములు పంచలో చాపలపై కూర్చుందురు. ఊరిపెద్దలు నలుగురు మధ్యస్థులుగా వత్తురు. చేలు, దొడ్లు, ఎడ్లు, అప్పులు అన్నియు లెక్కకు వచ్చును. ఒకడు పెద్దవాటా కోరును. మరియొకడు అలిగి లేచిపోవును. అతనిని బతిమాలి తెచ్చి మరల కూర్చుండబెట్టుదురు. పొద్దుగూకువేళకు కాగితముపై చేవ్రాళ్ళు పడును. న్యాయము జరిగినదని అందరును సంతోషింతురు. కాని ఆ యింటిలోనే తలుపు చాటున నిలిచి ఈ మాటలన్నియు వినుచున్నవారు కొందరుందురు. పుట్టింటికి వచ్చిచేరిన వితంతువైన ఆడపడుచు, ఏ కొడుకు వాటాలో తన కూడు పడునో యెరుగని ముసలితల్లి, ఇంటనే పెరిగి యెద్దులను మేపిన దిక్కులేని బంధువు. ఆనాటి పంపకము వీరి బ్రతుకులనే మార్చివేయును. అయినను పంపకమున వీరికి పీట లేదు.

ఇది యింటికి మాత్రమే సంబంధించిన మాట కాదు. దేశములు గాని రాష్ట్రములు గాని కూడి ఒక సమాఖ్యగా ఏర్పడినప్పుడు అందు జరుగు రాజకీయమును జాగ్రత్తగా చూచినచో ఈ పంచ, ఈ చాపలు, ఈ అలుకలు, ఈ తలుపు అన్నియు అక్కడను కానవచ్చును. సమాఖ్య నీతిని గూర్చి వ్రాయువారు సాధారణముగా సభ్యులలో పెద్దవారికి, చిన్నవారికి మధ్య న్యాయమెట్లు నిలుచునని విచారింతురు. మేము దానికి వెనుకనున్న ప్రశ్నను అడుగదలచితిమి. సభ్యులమధ్య న్యాయము జరిగినంతనే చాలునా? లేక ఆ న్యాయము సభ్యుని గడపదాటి లోపలికి కూడ పోవలసియున్నదా?

మొదట ఐరోపాను చూతము. రెండు మహాయుద్ధములలో ఒండొరులను నరుకుకొన్న దేశములలో ఆరు, ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు, 1951లో పారిసునందు ఒప్పందము చేసికొని, తమ బొగ్గును ఉక్కును ఉమ్మడి పాలనక్రింద నుంచెను. నేడు ఐరోపా సమాఖ్యగా పెరిగిన ఆ కూటమిలో ఇరువది యేడు దేశములున్నవి. ఇప్పుడు అచటి మంత్రిమండలిలో పెక్కు విషయములు నెగ్గవలెనన్న నూటికి 55 వంతుల సభ్యదేశములు ఒప్పుకొనవలెను. ఆ దేశముల జనము సమాఖ్య జనములో నూటికి 65 వంతులకు తగ్గరాదు. పెద్ద దేశములు చిన్నవానిని త్రొక్కకుండుటకు మొదటి లెక్క. చిన్నవి గుంపుగూడి పెద్దవానిని త్రోయకుండుటకు రెండవ లెక్క.

అయితే రాజకీయము లెక్కలతోనే నడువదు. 1965లో ఫ్రాన్సు ప్రభుత్వము కోపించి తన ప్రతినిధులను సభలకు పంపుట మానెను. ఏడు నెలలు ఆ కుర్చీ ఖాళీగా నుండెను. తుదకు 1966 జనవరిలో లక్సెంబర్గునందు ఒక రాజీ కుదిరెను. ఏ దేశమునకైనను మిక్కిలి ముఖ్యమైన ప్రయోజనము చెడునట్లున్నచో ఓట్లకు తొందరపడక, అందరును ఒప్పువరకు మాటలాడుకొనవలెనన్నదే దాని సారము. సమాఖ్యకు సైన్యము లేదు. లేచిపోవువానిని పట్టి కూర్చుండబెట్టు భటులు లేరు. బ్రిటను 2016లో ప్రజల ఓటు గైకొని, 2020 జనవరి 31న వెలుపలికి పోయెను. కావున అచట సమ్మతియే ప్రాణము, సహనమే ప్రభుత్వము. అలిగిన అన్నను బతిమాలి తెచ్చుట చేతగానితనము కాదు. ఉమ్మడి బ్రతుకునకు అది మూలధర్మమని ఐరోపా మనకు నేర్పుచున్నది.

ఇక మన యింటికి వత్తము. భారతదేశము అట్టి సమాఖ్య కాదు, మన రాష్ట్రములలో నేదియు విడిపోజాలదు, అన్నిటిపై కేంద్రమున్నది. కాని నీటి విషయమున మన రాష్ట్రములు దాదాపు వేరు దేశములవలెనే నడుచుకొనుచున్నవి. రాజ్యాంగము నీటిని రాష్ట్రముల జాబితాలో చేర్చి, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణమును మాత్రము కేంద్రము చేతికిచ్చెను. 1956లో నదీ మండలుల చట్టమొకటి వచ్చెను. రాష్ట్రముల సమ్మతి కుదురక ఆ చట్టముక్రింద ఒక్క మండలియు నిలువలేదు. ఆ సంవత్సరమే వచ్చిన నదీజల వివాదముల చట్టము మాత్రము మిక్కిలి పనిలోనికి వచ్చెను. మాటలాడుకొను శాస్త్రము మూలబడి, పోట్లాడుకొను శాస్త్రమే నిలిచినదన్నమాట.

కృష్ణానది కొరకు 1969లో బచావతుగారి అధ్యక్షతను న్యాయమండలి యేర్పడెను. దాని తుది తీర్పున మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 టీఎంసీల నీరు నిర్ణయింపబడెను. నూరుకోట్ల ఘనపుటడుగులను ఒక టీఎంసీ యందురు. ముగ్గురన్నదమ్ముల పంపకమిది. దానిలో తప్పులెన్నువారు ఇప్పటికిని గలరు. అయినను కత్తులు దూయక కాగితముపై నదిని పంచుకొన్నందుకు ఆ తరమువారిని మేము మెచ్చుకొందుము.

అంతకంటె మెచ్చదగినది మరియొకటి కలదు. మదరాసు పట్టణము కృష్ణ పరీవాహమున లేదు; ఆ నదిలో దానికి హక్కు లేదు. అయినను 1976లో మూడు రాష్ట్రములును తలకు 5 టీఎంసీల చొప్పున తమ వాటాలనుండి తీసి, 15 టీఎంసీలు ఆ పట్టణమునకు త్రాగునీరుగా నిచ్చుటకు ఒప్పుకొనెను. 1983లో ఆంధ్ర, తమిళ ప్రభుత్వములు చేసికొన్న ఒప్పందముతో తెలుగుగంగ పని సాగెను. 1996లో నీరు పూండి జలాశయమును చేరెను. ఆ నీరు పోతిరెడ్డిపాడు కడ శ్రీశైల జలాశయమును విడిచి, బానకచర్ల మీదుగా, మా ఆత్మకూరునకు పొరుగుననున్న వెలుగోడు జలాశయమున విశ్రమించి, పెన్న దాటి, కండలేరు చేరి, తమిళదేశమునకు పోవుచున్నది. హక్కులేని పొరుగువానికి దాహమున్నదని తెలిసి ఇచ్చిన నీరది. ఏ న్యాయస్థానమును ఆజ్ఞాపింపలేదు. సమాఖ్య అనుమాటకు ఇంతకంటె మంచి యర్థము మాకు తోచదు.

కాని ఆ నీరు ఏ జలాశయమునుండి వచ్చుచున్నదో అచటికి పోయి చూచినవారికే తలుపు చాటునున్నవారు కనబడుదురు. ఆత్మకూరు ప్రాంతమున పారు భవనాశి, కృష్ణా తుంగభద్రలను కలియు చోట సంగమేశ్వరమున్నది. ఏడు నదులు అచట కూడునని పెద్దల మాట. శ్రీశైలము నిండిన నాటినుండి ఆ గుడి యేటిలో నెక్కువ నెలలు నీటిక్రిందనే యుండును. వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడును. అప్పుడు జనము పోయి, వేపకొయ్యతో చేసిన లింగమును పూజించి వత్తురు. ఒక వేసవిలో మేమును పోతిమి. గుడి చూచి మరలుచుండగా ఒక వృద్ధుడు ఎండిన ఒండ్రుపై నిలిచి నేలను చూపి, “ఇది మా వాకిలి” యనెను. అచట వాకిలి లేదు, నాలుగు రాళ్ళున్నవి. నీవెక్కడనుంటివని అడుగగా, ఆత్మకూరులో బాడుగయింట నుంటిననెను. అంతకుమించి అతడేమియు చెప్పలేదు, మేమును అడుగజాలమైతిమి.

శ్రీశైలమునకు 1963లో పునాది పడినది. మొదట అది విద్యుత్తు కొరకే సంకల్పింపబడినది. అప్పటి కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూరుకు పైగా గ్రామములు ఆ జలాశయమున మునిగెను. 1981 వేసవిలో ఇండ్లను పడగొట్టి జనమును తరలించిరి. 1986లో 98వ సంఖ్యగల ఉత్తర్వున, భూములు కోలుపోయిన కుటుంబములవారికి ఉద్యోగములిత్తుమని ప్రభుత్వము మాట యిచ్చెను. ఆ మాటకొరకు దశాబ్దములు కాచుకొని ముసలివారైనవారు కలరు. బచావతు తీర్పులో శ్రీశైలము పేరిట 33 టీఎంసీలు వ్రాయబడినవి; అవి ఆవిరియై పోవు నీటి క్రింద వేసిన లెక్క. ఆకాశమునకు పోవు నీటికైనను ఆ పంపకమున ఒక పంక్తి దొరకినది. మునిగిన గ్రామమునకు దొరకలేదు. ఇది న్యాయమండలి నిర్దయ కాదు. దాని యెదుట కూర్చున్నవి రాష్ట్రములు, గ్రామములు కావు. పీట లేనివాని మాట చెవినబడు మార్గమే ఆ పద్ధతిలో లేదు.

“మీ రాష్ట్రమే మీ పక్షమున మాటలాడును కదా” యని ఎవరైన ననవచ్చును. రాయలసీమవారు ఈ మాటను చిరకాలము నమ్మిరి. 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగు గృహమున కోస్తా నాయకులును సీమ నాయకులును ఒడంబడిక చేసికొనిరి. తుంగభద్ర, కృష్ణ, పెన్నల నీటిలో పదియేండ్లపాటు, అవసరమైన ఇంకను ఎక్కువకాలము, సీమకు మొదటి హక్కు ఇయ్యవలెనని అందున్నది. అది పెద్దమనుషుల మాట, శాసనము కాలేదు. 1953లో కర్నూలు రాజధాని ఆయెను, 1956లో పోయెను. నీటి మాట మాత్రము ఎన్నికలనాడు తలచుకొను మాటగా నిలిచిపోయినది. వెలి సభలలో కర్త ఇంటివారందరి పేరు చెప్పి వాటా తెచ్చును. తెచ్చిన వాటాను ఇంటిలో నెట్లు పంచునో అడుగు హక్కు సమాఖ్యకు లేదు. ఎక్కువ కష్టమున్నవారిని చూపి ఎక్కువ వాటా కోరుట, కోరిన వాటాను వారికి తప్ప అందరికి ఇచ్చుట, కర్తలకు క్రొత్త విద్య కాదు.

2014లో ఇల్లు మరల చీలెను. మునిగిన గ్రామములలో కొన్ని ఆంధ్రమునకు, కొన్ని తెలంగాణమునకు చెందెను. 2015లో తాత్కాలికముగా ఆంధ్రమునకు 512, తెలంగాణమునకు 299 టీఎంసీలని యనుకొనిరి. కృష్ణానదీ యాజమాన్య మండలి, దానిపై కేంద్రమంత్రియు ఇద్దరు ముఖ్యమంత్రులును గల అత్యున్నత మండలి ఏర్పడెను. 2020 మే నెలలో, ఆ సంగమేశ్వరము కడనే దినమునకు 3 టీఎంసీల నీటిని ఎత్తిపోయుటకు ఆంధ్ర ప్రభుత్వము ఉత్తర్వు చేసెను. తెలంగాణ ప్రభుత్వము అడ్డుచెప్పెను. పర్యావరణ అనుమతి లేక పని చేయరాదని ఆ సంవత్సరమే హరిత న్యాయమండలి పలికెను. ఒక ప్రభుత్వము సీమ దాహమును చూపెను. ఒక ప్రభుత్వము పాలమూరు దాహమును చూపెను. రెండు దాహములును నిజమే.

ఇచటనే మాకు మిక్కిలి బాధ కలుగుచున్నది. నదికి ఈవలి ఒడ్డున ఆత్మకూరు సీమ; ఆవలి ఒడ్డున కొల్లాపురము సీమ. ఒకే జలాశయము ఇరువురి చేలను ముంచినది. ఒకే తీరున ఇరువురును వలసపోయిరి. నష్టమున వీరు చుట్టములు. అయినను పీటలు రాష్ట్రములకే యున్నందున, ఈ చుట్టములు ఎదురెదురు పక్షములలో నిలుపబడిరి. ఆత్మకూరు రైతు గెలువవలెనన్న కొల్లాపురము రైతు ఓడవలెనట! సమాఖ్యలో పీటలు అమర్చిన తీరే శత్రువులెవరో నిర్ణయించుచున్నది. పీటల క్రమము మారినచో వీరిరువురు ఒకవైపు కూర్చుండి, తమ్ము ముంచి వెలుగు పొందిన పట్టణములను బాకీ అడిగియుందురు.

అట్లయిన ప్రతి జిల్లాకు, ప్రతి గ్రామమునకు అడ్డుచెప్పు హక్కిచ్చెదరా యని వివేకులు అడుగుదురు. ఇయ్యరాదనియే మా యభిప్రాయము. పోలండు దేశపు సభలో పూర్వము ఏ యొక్క ప్రభువు “వలదు” అనినను సభ చెడిపోవుచుండెను. అట్టి హక్కును గౌరవించి గౌరవించి ఆ రాజ్యము బలహీనపడెను. 1772, 1793, 1795 సంవత్సరములలో పొరుగు రాజులు దానిని ముక్కలు చేసికొనిరి. అడ్డుపడు హక్కు వేరు, వినిపించుకొను హక్కు వేరు. మొదటిది అందరికిచ్చిన సమాఖ్య నిలువదు. రెండవది కొందరికి లేకున్న సమాఖ్యకు ధర్మము నిలువదు.

ఈ భేదమును ఐరోపావారు కొంత గుర్తించిరి. 1994 నుండి అచట ప్రాంతముల సంఘమొకటి పనిచేయుచున్నది. అందలి సభ్యులు దేశప్రభుత్వముల సేవకులు కారు. జిల్లాలు, పట్టణములు, ప్రాంతములు ఎన్నుకొన్నవారు. వారి మాట సలహాయే కాని శాసనము కాదు. అయినను ఆ సలహా అడుగవలసిన విషయములలో అడుగక ముందునకు పోరాదు. ఇది చాలదని మేమును ఎరుగుదుము. కాని తలుపు కొంత తెరచుకొన్నది.

మనకు ఇంతకంటె దగ్గరి నిదర్శనము మన యిండ్లలోనే యున్నది. కొడుకులతోపాటు కూతురికిని ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కున్నదని ఆంధ్రప్రదేశ శాసనము 1985 సెప్టెంబరు నుండి అమలునకు తెచ్చెను. దేశమంతటికి 2005లో ఆ న్యాయము వచ్చెను. కుటుంబములు కూలిపోవునని ఆనాడు భయపడిరి. కూలలేదు. పంచలో ఒక పీట ఎక్కువ పడెను, అంతే. ఎవరి కష్టముపై ఇల్లు నిలిచినదో వారిని లెక్కకు తెచ్చినంతనే ఇల్లు చెడదు.

కావున మేము కోరునది పెద్దదేమియు కాదు. నదీ మండలులలో రాష్ట్రముల ఇంజనీరులతోపాటు, నీటికై ఊళ్ళు కోలుపోయినవారికిని నీరందని సీమలవారికిని, రెండు ఒడ్డులవారికి కలిపి ఒకే చాప వేయుడు. వారి మాట విని, త్రోసివేసినచో ఏల త్రోసితిరో కాగితముపై వ్రాయుడు. ప్రతి రాష్ట్రమును తాను తెచ్చుకొన్న వాటాను తన యింటిలో ఏ తాలూకాకు ఎంత ఇచ్చెనో ఏటేట ప్రకటింపవలెను. ముంపునకు గురియైనవారికి ఇచ్చిన మాట తీరిన పిమ్మటనే ఆ జలాశయముపై క్రొత్త పనులకు సొమ్ము పెట్టవలెను. వీనిలో నేదియు ఏ రాష్ట్రపు హక్కును తగ్గింపదు; కర్తలకు కొంచెము సిగ్గును మాత్రము కలిగించును. ఉమ్మడి బ్రతుకులో ఆ సిగ్గు కూడ ఒక రక్షయే.

సోదరీసోదరులారా, ఈ విచారము మంత్రులకే యని త్రోసివేయకుడు. ఎవరి పేరుచెప్పి వాటా అడుగుచున్నామో వారిని పిలిచి కూర్చుండబెట్టు అలవాటు మొదట మన పంచలలో రావలెను. తల్లిని అడుగక పొలమమ్ము ఇంట పెరిగినవాడు, గ్రామమును అడుగక నదిని పంచుటలో తప్పేమో ఎరుగడు. వచ్చు వేసవిలో నీరు దిగిన పిమ్మట సంగమేశ్వరమునకు మరల జనము పోవుదురు. దేవుని చూచి వచ్చుత్రోవలో ఆ నాలుగు రాళ్ళకడ క్షణకాలము నిలిచి, ఇవి ఎవరి వాకిలి యని ప్రక్కవారిని అడుగుడు. చెప్పువారు ఇంకను బ్రతికియున్నారు.