భేదానికి కొలమానం, కొలమానానికి బాధ్యత

రెండు సముదాయాలను పోల్చదలచిన పరిశోధకుడు మొదట వాటి సగటులను పక్కపక్కన నిలుపుతాడు. ఆ పోలిక ఎంతవరకు న్యాయం? నెల్లూరు తీరంలోని యానాదుల విషయంలో ఈ ప్రశ్నకు శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ గ్రంథంలో శ్రీహరికోట యానాదుల ప్రస్తావన ఉంది. తల పొడవు, ముక్కు వెడల్పు వంటి కొలతలకు కులాలవారీ సగటులు కట్టిన కాలమది. సగటు ఒక్క అంకె కావడం చేత, తెగ మొత్తానికీ అదే రూపమన్న భ్రమ కలుగుతుంది.

ఈ భ్రమకు గణాంకశాస్త్రమే ఒక విరుగుడు చూపింది. సగటుల మధ్య తేడాను సముదాయాల లోపలి వైవిధ్యంతో, అంటే ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చేది ప్రామాణీకృత భేదం. 1936లో మహలనోబిస్ ప్రతిపాదించిన దూరం ఈ భావనను పరస్పర సంబంధం గల అనేక కొలతలకు విస్తరించింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన సి.ఆర్. రావు, మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి సంయుక్త రాష్ట్రాల శరీర కొలతల సర్వేను ఈ దృష్టితోనే విశ్లేషించి 1949లో ప్రకటించారు.

ఈ కొలమానంలో ఒక నైతిక పాఠం ఉంది. జాకబ్ కోహెన్ 0.8 భేదాన్ని ‘పెద్దది’ అన్నారు. రెండు సముదాయాలూ సమాన విచలనంతో సామాన్య విభాజనంలో ఉన్నాయనుకుంటే, అంత భేదంలోనూ అవి దాదాపు 69 శాతం మేర ఒకదానిపై ఒకటి పరచుకొని ఉంటాయి. ఒక్కో సముదాయం నుండి ఒక్కొక్కరిని తీసి నూరు జతలు కూర్చితే, సుమారు 29 జతలలో ఫలితం తారుమారవుతుంది. కనుక సముదాయం పేరును బట్టి వ్యక్తిని అంచనా కట్టే హక్కు ఆ అంకె ఇవ్వదు.

అయితే విరుగుడుకూ దోషముంది. పది మార్కుల తేడా, విచలనం 20 అయితే 0.5 అవుతుంది, 10 అయితే 1 అవుతుంది. తేడా మారలేదు, భాజకం మారింది. పైగా మార్కులు, అంగుళాలు అన్నీ ఒకే ప్రమాణంలో కరిగిపోయి, అసలు కొలిచినదేమిటో మరుగున పడుతుంది. అచ్చు తెలుగులో పెట్టిన పరీక్షలో యానాది బాలుడి మూలికల ఎరుకకూ నీటి ఎరుకకూ మార్కులుండవు. సముదాయాల పేర్లు కూడా కొలత కనుగొన్నవి కావు. కొలతకు ముందే ఎవరో నిర్ణయించినవి.

అలాగని పోలికను విడిచిపెట్టడమే ధర్మమా? పోల్చకపోతే లేమి కూడా కనిపించదు. జీవితకాలం యానాదుల సేవలో గడిపిన వెన్నెలకంటి రాఘవయ్య 1962లో వారిపై ప్రత్యేక గ్రంథమే వెలువరించారు. వారి స్థితిని లోకం ముందుంచకుండా బడినో భూమినో అడగడం సాధ్యం కాదు. కాబట్టి దోషం పోలికలో లేదు. పోలిక షరతులను దాచడంలో ఉంది. భేదాన్ని ప్రకటించేవారు అసలు తేడాను, ఎవరి విచలనంతో భాగించారో, సముదాయాలు ఎంతమేర కలిసి ఉన్నాయో, కొలతకు అందనిదేమిటో కూడా చెప్పాలి. మాండలికాలనూ పఠనశక్తినీ పోల్చే తెలుగు పరిశోధనకు కూడా ఈ బాధ్యత వర్తిస్తుంది.