ఐదు శాతం ఎవరి నష్టం? : పరీక్షలో పూర్వపక్ష ధర్మం

శాస్త్రపరీక్షలో ఎంత పొరపాటు సమ్మతం? ఇది గణిత ప్రశ్నా, నైతిక ప్రశ్నా?

గరిడేపల్లి మండలంలోని గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఇటువంటి కేంద్రాలు కొత్త పద్ధతులను రైతు పొలంలోనే, రైతు అలవాటు సాగుతో పోల్చి పరీక్షిస్తాయి. సాగర్ ఎడమ కాలువ కింది మడులన్నీ ఒక్కతీరు కావు. నీరు బాగా అందే మడులకే కొత్త వంగడం వేస్తే గెలిచింది విత్తనమో నీరో తెలియదు. అందుకే ఏ మడికి ఏది వేయాలో చీటీతో తేల్చాలి.

‘తేడా లేదు’ అనే శూన్య పరికల్పన మన తర్కసంప్రదాయంలోని పూర్వపక్షం వంటిది. దానిని బలంగా నిలిపి, ఆధారంతోనే ఖండించాలి. ఖండించలేకపోయినంత మాత్రాన అది సిద్ధాంతం కాదు. ఆధారం చాలలేదనే అర్థం.

తేడా లేనిచోట ఉందనే పొరపాటుకు 5 శాతం హద్దును ఆర్.ఎ. ఫిషర్ 1925లో సౌలభ్యం కోసమే సూచించారు. లేని మేలు ఉందంటే రైతు పెట్టుబడి పోతుంది. ఉన్న మేలును గుర్తించకపోతే రావలసిన దిగుబడి పోతుంది. మడుల సంఖ్య పెంచకుండా మొదటి పొరపాటును తగ్గిస్తే రెండవది పెరుగుతుంది. ఏ నష్టం భరించదగినదో గణితం చెప్పదు. కనుక హద్దు నిర్ణయం నైతిక కర్తవ్యం. అది పరీక్షకు ముందే, నష్టం మోసే రైతుతో సంప్రదించి జరగాలి. ఫలితం చూశాక హద్దు మార్చడం పూర్వపక్షి నోరు నొక్కడమే.