అభయహస్తము

తిరుపతి జిల్లా వడమాలపేట మండలమందలి అప్పలాయగుంటలో జ్యేష్ఠమాసమునఁ బ్రసన్న వేంకటేశ్వరునకు బ్రహ్మోత్సవములు జరుగును. నారాయణవనమునఁ బద్మావతిని వివాహమాడి తిరుమలకుఁ బోవుచు శ్రీనివాసుఁ డిచట సిద్ధేశ్వరుని ననుగ్రహించెనని స్థలపురాణము చెప్పును. అది చరిత్రమా కాదా యని మేము వాదింపఁబోము. మా చూపు నిలిచినది ఆ మూర్తి కుడిచేతిమీఁద. తిరుమలలో నది వరదహస్తము. క్రిందికి వ్రాలి పాదములఁ జూపును. ఇచట నది పైకెత్తిన యభయహస్తము.

భయపడవలదన్న దేవుని యెదుట మనము చేయునదేమి? జ్వరము తగ్గినచో ముడుపు, వ్యాజ్యము గెలిచినచోఁ దలనీలాలు! నిత్యము ఒడంబడికలు చదువు న్యాయవాదులము గావున దీనిని మేము బేరమనియే యందుము. మ్రొక్కు తప్పినచో స్వామి దండించునను వెఱపే యీ బేరమునకుఁ బూచీ. గీత పదునాఱవ యధ్యాయము దైవసంపదను లెక్కించుచు అభయమునే మొదట నిలిపినది. దానమును భూతదయయుఁ దరువాతివి. వెఱచువాఁడిచ్చు దానము లంచము గాక మఱేమగును?

అభయము పొందినవాఁడు దాని నితరులకు నీయవలదా? ఆ చేయి యెత్తియుండఁగనే ఎన్నియో యాలయముల తలుపులు అంటరానివారని వెలివేయఁబడినవారికి మూయఁబడియుండెను. 1947వ సంవత్సరపు మద్రాసు దేవాలయప్రవేశ చట్టము వానిని దెఱచినది. మంచిదే. కాని వాకిట నిలిచినవాని గుండెలోని జంకును జట్టము తీయఁజాలదు. అది ప్రక్కన నిలిచినవాని పని. తేరుత్రాడు పట్టువేళఁ బ్రక్కవాని కులమడుగు నోళ్లు నేఁటికినిఁ గలవు.