నైరోబీ వెళ్ళు అమ్మాయికి

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీవు ఉద్యోగరీత్యా నైరోబీ నగరమునకు వెళ్ళి కొంతకాలము అచ్చటనే నివసింపబోవుచున్నావని మీ నాన్న వ్రాయగా సంతోషించితిని. పటాన్‌చెరువులోని పంటల పరిశోధనాసంస్థయైన ఇక్రిశాట్‌కు అచ్చట ప్రాంతీయ కార్యాలయము ఉండుటచే మన ప్రాంతపు శాస్త్రజ్ఞులు ఆ దారిని ఎరుగనివారు కారు. ఆడపిల్ల ఒంటరిగా పోవుటయు ఈ కాలమున వింత కాదు. అయినను మీ నాన్న ఉత్తరములో సంతోషము రెండు పంక్తులును, దొంగల కథలు రెండు పుటలును ఉండుట చూచి, ఆ కథలు చెప్పినవారిలో ఒక్కరైనను ఆ నగరమున కాలు పెట్టినవారు కారని గ్రహించి, ఒకప్పుడు అచ్చట లెక్కలు వ్రాసి జీవించినవాడను గనుక నాకు తోచినది నేరుగా నీకే వ్రాయుచున్నాను.

కాగితముల సంగతి ముందుగా ముగింతము. 2024 జనవరి నుండి కెన్యా ప్రభుత్వము వీసాకు బదులు ఎలక్ట్రానిక్ ప్రయాణానుమతిని ప్రవేశపెట్టినది. విమానము ఎక్కకముందే దానిని ఇంటర్నెట్టులో పొందవలెను. ఎల్లో ఫీవర్ టీకాను మాత్రము మరువరాదు. దాని పత్రము నీకు తిరిగి వచ్చునప్పుడు మన గడ్డమీదనే ఎక్కువగా అవసరపడును: కెన్యా నుండి వచ్చినవారి వద్ద ఆ టీకా పత్రము లేనియెడల ఆరు దినముల వరకు విడిగా నిర్బంధించి ఉంచు అధికారము మన ఆరోగ్యాధికారులకు కలదు. టీకా వేసిన పది దినములకు గాని ఆ పత్రము చెల్లుబాటు కాదు గనుక హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు ముందుగానే పోయి వేయించుకొనుము. ఆఫ్రికా యనగానే మండుటెండలను ఊహించుట మనవారి అలవాటు. నైరోబీ భూమధ్యరేఖకు చేరువలోనే యున్నను సముద్రమట్టమునకు సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉండుటచే జూన్ మొదలు ఆగస్టు వరకు మబ్బుపట్టియుండును; ఉదయ సాయంకాలములందు ఉన్నివస్త్రము లేక తిరుగుట దుర్భరము. ఆ ఎత్తు వలననే నగరములో మలేరియా భయము స్వల్పము. మొంబాసా తీరమునకో, విక్టోరియా సరస్సు ఒడ్డునున్న కిసుమూకో పోదలచినపుడు మాత్రము వైద్యుని అడిగి మాత్రలు వెంట ఉంచుకొనుము.

మీ అమ్మ నీకు ఆవకాయయు కందిపొడియు పాలిథీన్ సంచులలో పొరలు పొరలుగా చుట్టి ఇచ్చుట తథ్యము. వలదని చెప్పుము. 2017 ఆగస్టు 28 నుండి ఆ దేశమున ప్లాస్టిక్ సంచులు నిషిద్ధములు. చట్టములో గొప్ప జరిమానాయే గాక నాలుగు సంవత్సరముల వరకు చెరసాల కూడ వ్రాసిరి. విమానాశ్రయములో సుంకములేని దుకాణమువారు ఇచ్చిన సంచిని సైతము అచ్చటనే విడిచిపొమ్మందురు. గాజుసీసాలో పెట్టి గుడ్డసంచిలో చుట్టినచో ఆవకాయకు ఏ లోపమును రాదు. ఇక శాకాహారివగుటచే పస్తుండవలసివచ్చునని మీ అమ్మ బెంగపెట్టుకొనినదట! ఉగాలి యనునది తెల్ల మొక్కజొన్నపిండితో గట్టిగా వండిన ముద్ద, మన రాయలసీమ సంకటికి సోదరి వంటిది. దానికి తోడుగా సుకుమా వికీ అను ఆకుకూరను వేయించి పెట్టుదురు. మొక్కజొన్నగింజలు, చిక్కుడుగింజలు కలిపి ఉడికించిన గితేరి ఎచ్చటనైనను దొరకును. చపాతీ, చాయ్ అను మాటలు వారి భాషలోనివే అయిపోయినవి. కందులు కూడ ఆ దేశపు పంటయే. మ్బాజీ అని పేరు. కొబ్బరిపాలలో వండిన మ్బాజీ తీరప్రాంతమువారికి ప్రాతఃకాలపు భోజనము. నీళ్ళు మాత్రము కాచినవో, సీలువేసిన సీసాలోనివో త్రాగుము.

ఇక నేను నిజముగా చెప్పదలచినది వేరు. నీవు ఆ నగరమున అడుగు పెట్టినది మొదలు నిన్ను ‘ముహిందీ’ అందురు, భారతీయురాలని అర్థము. నీకు ముందు అచ్చటికి వెళ్ళినవారి మంచిచెడ్డలన్నియు ఆ పేరుతో నీ లెక్కలో చేరును గనుక వారి చరిత్ర నీవు ఎరిగియుండవలెను. 1896లో మొంబాసా రేవు నుండి విక్టోరియా సరస్సు దిక్కుగా ఇంగ్లీషువారు రైలుమార్గము వేయ ఆరంభించి, దానికి కావలసిన కూలీలను, తాపీపనివారిని, కమ్మరులను మన దేశము నుండియే, అందును ముఖ్యముగా పంజాబు నుండి, ఓడలలో తరలించిరి. అట్లు పోయిన సుమారు 32,000 మందిలో 2,500 మంది వరకు రోగములకును ప్రమాదములకును బలియైరి. 1899లో ఆ మార్గము మాసాయి అను పశుపాలకుల పశువులు నీరు త్రాగు ఒక చల్లని ఏటి ఒడ్డునకు చేరగా, ముందున్న కొండదారికి ఎక్కకముందు సామాను నిలువచేయుటకై వేసిన మజిలీయే నైరోబీ యైనది. ఊరు పెరిగిన కొలది పాలకులు దానిని వర్ణమును బట్టి పంచిరి: పడమటి మిట్టలు తెల్లవారికి, పార్క్‌లాండ్స్, న్గారా వంటి పేటలు భారతీయులకు, తూర్పుదిక్కున ఇరుకు ఇండ్ల వరుసలు ఆఫ్రికనులకు. ఆ దినములలో ఆఫ్రికను పురుషుడు కిపాండె అను గుర్తింపు పత్రమును రేకుడబ్బీలో పెట్టి మెడకు వ్రేలాడదీసికొని గాని తిరుగరాదు. ఈ అంతరములలో నడిమి స్థానము దొరికిన మనవారు, తెల్లవాడు తమకు చేసిన అవమానమును సహింపలేక సభలు జరిపిరి గాని, అట్టి అవమానమునే తమ దుకాణములలో, వంటిండ్లలో ఇంకొకరికి చేయుచుంటిమని చాలమంది తలంపనైన తలంపలేదు.

అందరును అట్టివారనుట అన్యాయము. మఖన్ సింగ్ అను కార్మికనాయకుడు 1950లో నైరోబీ సభలో తూర్పు ఆఫ్రికాకు సంపూర్ణ స్వాతంత్ర్యము కావలెనని పలికిన పిమ్మట 1961 వరకు నిర్బంధమున గడపెను. గోవా వంశీయుడైన పియో గామా పింటో స్వాతంత్ర్య పోరాటమున నిలిచి, స్వతంత్ర కెన్యాలోనే 1965లో తన ఇంటి ముంగిట హత్యకు గురియయ్యెను. 2017లో కెన్యా ప్రభుత్వము ఆసియా సంతతివారిని ఆ దేశపు 44వ తెగగా అంగీకరించినది. ఇవన్నియు సత్యములే. కాని బజారులో నిన్ను చూచిన ఒక వృద్ధునికి మఖన్ సింగ్ జ్ఞప్తికి రావలెనని నియమము లేదు; తలనెరసిన తన తండ్రిని ‘బోయ్’ అని కేకవేసిన దుకాణదారుడే జ్ఞప్తికి రావచ్చును. నీవు ఆ దుకాణదారుని మనుమరాలవు కావు. అయినను ఆ అప్పు నీ పేరనే ఉన్నదనుకొని మసలుకొనుము.

మసలుకొనుట యనగా పెద్ద సంగతులు కావు. నీవు దిగు ఇంటిలో ఇల్లు ఊడ్చు స్త్రీ ఒకతె ఉండును. గేటు వద్ద అస్కారీ యనబడు కావలివాడు ఉండును. మొదటి దినముననే వారి పేర్లు అడిగి, సరిగా పలుకుట వచ్చువరకు పలికి నేర్చుకొనుము. వయస్సు చెల్లిన పురుషుని ‘మ్జే’ అనియు, తల్లి ఈడు స్త్రీని ‘మామా’ అనియు సంబోధించుట వారి మర్యాద. ఎరుగనివారిని తాతా, అమ్మా అని పిలుచు ఇంటిలో పుట్టినదానవు గనుక ఇది నీకు క్రొత్త కాదు. దారి అడుగుటకైనను, ధర అడుగుటకైనను, ముందు ‘హబారి’ అని కుశలమడిగి, వారు చెప్పునది నిలిచి విని, ఆపైన నీ పని చెప్పుము. నేరుగా పనిలోనికి దిగుటను అచ్చట మొరటుతనముగా ఎంతురు. ఇంకొకటి. రంగును గూర్చి మన ఇండ్లలో పెండ్లిచూపుల నాడు వినవచ్చు మాటలు నీకు తెలిసినవే. తెలుగులో అన్నచో ఎవరికి తెలియునను ధైర్యముతో మనవారు కొందరు అట్టి మాటలు అచ్చటివారి ఎదుటనే అనుచుండగా నేను వింటిని. విన్నవారికి తెలుగు రాకపోవుట నిజమే. కాని అన్నవారి ముఖవైఖరిని చదువుటకు ఏ భాషయు అక్కరలేదు. అట్టి గోష్ఠిలో నీవు చిక్కుకొనినచో నవ్వవలదు, లేచి రమ్ము.

ఇట్లు వ్రాసినంత మాత్రమున దొంగలు లేరని అనుకొనవలదు. బీదరికమును ఐశ్వర్యమును ఒకే వీధిలో ఎదురెదురుగా నిలుపు ఏ మహానగరమునందైనను దొంగలుందురు. నైరోబీలో కొంచెము ఎక్కువగానే యుందురు. చీకటి పడిన పిమ్మట నగరమధ్యమున, అందును రివర్ రోడ్డు ప్రాంతమున, కాలినడకన పోవలదు. మటాటూ అను చిన్నబస్సులు, వాటి రంగులును సంగీతమును చూచి తీరవలసినవి. పగటివేళ తోడుతో ఎక్కుము, కాని కిటికీ ప్రక్కన కూర్చుండి ఫోను చేతబట్టినచో వెలుపలి నుండి ఒక చేయి వచ్చి దానిని తీసికొనిపోవుటకు రెప్పపాటు చాలును. వానపడునప్పుడును, కచ్చేరీలు విడుచు వేళను ఛార్జీ పెరుగును. అది నీ ఒక్కదానికే పెంచిన మోసము కాదు, అందరికిని అంతే. బోడాబోడా యనెడి అద్దె మోటారుసైకిలును ఎక్కవలదనుటయే నా మతము. డబ్బు విషయమున 2007లో వెలసిన ఎమ్-పెసా అను ఫోను చెల్లింపు పద్ధతి నీకు మిక్కిలి ఉపకరించును. పాస్‌పోర్టు చూపి సిమ్ కార్డు తీసికొన్నచో కూరలమ్ముకొను ఆమెకు సైతము ఫోనుతోనే చెల్లింపవచ్చును గనుక సంచిలో నోట్లకట్టలు మోయనక్కరలేదు. దారిలో మర్యాదగా మాటకలిపి తన కష్టములు చెప్పుకొను యువకుడొకడు తారసిల్లి, అతడు పోయిన వెంటనే పోలీసులమని ఇద్దరు వచ్చి, నీవు నేరస్థునితో మాట్లాడితివి గనుక జరిమానా కట్టుమని బెదిరించు నాటకమొకటి అచ్చట ప్రసిద్ధము. వీధిలో ఒక్క షిల్లింగు ఈయక, పోలీసు స్టేషనుకు పోదము రండని గట్టిగా పలికినచో ఆ పోలీసులే మాయమగుదురు.

నీవు గమనింపవలసినది ఏమనగా, ఈ జాగ్రత్తలన్నియు నైరోబీ పౌరులు తామును పాటించునవియే. నీ ఇల్లు ఊడ్చు స్త్రీ జీతము రాళ్ళను నీకంటె భద్రముగా దాచుకొనును. దొంగ చేతిలో ఆమె పోగొట్టుకొనునది నీకు పోవుదానికంటె ఎన్నిరెట్లో పెద్దది. కావున సంచిని ఒడిసి పట్టుకొనుటలో తప్పు లేదు. ప్రక్కన కూర్చున్నవాని రంగు చూచి పట్టుకొనుటలోనే యున్నది తప్పు. ఎవరిని అడుగవలెనో తెలియనప్పుడు అడుగవలసినది కూడ వారినే. బజారులో పండ్లమ్ముకొను ఆమెకు ఏ వీధిలో పోవచ్చునో, ఏ వేళ పోరాదో తెలిసినంతగా ఏ మార్గదర్శక గ్రంథమునకును తెలియదు.

చూడవలసిన చోట్లను గూర్చి విస్తరింపను. 1946లో ఏర్పడిన జాతీయోద్యానము నగరపు అంచుననే యున్నది. సింహము వెనుక మేడల వరుస కనబడు చోటు లోకమున అరుదు. ఆదివారము ఉదయము కరూరా అడవిలో నిర్భయముగా నడువవచ్చును. నోబెల్ శాంతి బహుమతి పొందిన వంగారి మాథాయి ఆ అడవిని కట్టడముల పాలు కానీయక నిలిపి, 1999లో అచ్చట దెబ్బలు తినెను. నైరోబీ విశ్వవిద్యాలయములో మన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపరాష్ట్రపతిగా నుండి 1956లో ఆవిష్కరించిన గాంధీ విగ్రహము కలదు. కిబేరా అను బీదల పేటను చూపింతుమని తీసికొనిపోవువారు దొరకుదురు. అచ్చట నీకు స్నేహితులు ఏర్పడి భోజనమునకు పిలిచినచో పొమ్ము, ఇతరుల లేమిని ఫొటోలు తీయుటకై పోవలదు. దంతపు వస్తువేదియు కొనవలదని చెప్పనక్కరలేదు గదా.

స్వాహిలీలో ఎవరైనను వేళ చెప్పినపుడు తిరిగి అడుగుము. వారు గంటలను సూర్యోదయము నుండి లెక్కింతురు; మన ఏడు గంటలు వారికి మొదటి గంట. మన పూర్వులు ఘడియలను లెక్కించినదియు అట్లే గనుక నాకు ఆ పద్ధతి మిక్కిలి నచ్చినది గాని, మొంబాసా రైలు మాత్రము టిక్కెట్టు మీది గడియారమును బట్టియే కదలును. మన దేశముకంటె అచ్చటి కాలము రెండున్నర గంటలు వెనుక. నీవు రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసినచో ఇచ్చట పదకొండున్నర యగును, మీ నాన్న ఉలికిపడి లేచును. సాయంకాలమే చేయుము.

ఈ ఉత్తరమును మీ అమ్మకు చూపదలచినచో ఉగాలి సంగతి వరకు చదివి వినిపించి, మిగిలినది మడిచి పెట్టుము. రివర్ రోడ్డు మాట చెవిని పడినచో ఆమె టిక్కెట్టు రద్దు చేయించును.

ఇట్లు,
నీ పెదనాన్న