గర్భిణి – రోజా: అనుమతిలోని ధర్మసూక్ష్మం

రంజాన్ మాసంలో తెల్లవారుజాము మొదలు సూర్యాస్తమయం వరకు అన్నపానీయాలను విసర్జించే ఉపవాసం హిజ్రీ 2వ సంవత్సరంలో, అంటే క్రీస్తుశకం 624లో, ముస్లిములకు విధి అయింది. అరబ్బీలో దీనికి సౌమ్ అని పేరు. పారశీకం నుండి వచ్చిన రోజా అనే మాట భారత ఉపఖండమంతటా వాడుకలో ఉన్నది. తెలుగు పల్లెలలో ముస్లిములు పలువురు దీనిని ఒక్కపొద్దు అనే పిలుస్తారు. విధిని ప్రకటించిన ఖురాన్ రెండవ అధ్యాయమే, 183 నుండి 187 వరకు గల వాక్యాలలో, దాని సడలింపులను కూడా ప్రకటించింది. రోగికి, బాటసారికి ఆ దినాలను విడిచి వేరు దినాలలో పూర్తిచేసుకొనే వెసులుబాటు కలదు. మానవులకు సౌలభ్యం కలగాలన్నదే దైవేచ్ఛ గాని వారు కష్టపడాలన్నది కాదనే భావం కూడ అక్కడే వ్యక్తమవుతుంది.

గర్భిణి ప్రస్తావన ఆ వాక్యాలలో ప్రత్యక్షంగా లేదు. అది హదీసులలో లభిస్తుంది. కాబ్ వంశీయుడైన అనస్ బిన్ మాలిక్ అనే వ్యక్తి (ప్రవక్త సేవకుడైన సుప్రసిద్ధ అనస్ వేరు) ఒకమారు ప్రవక్త భోజనం చేస్తున్న వేళ ఆయన సన్నిధికి వెళ్ళాడు. రమ్మని పిలిస్తే తాను ఉపవాసంలో ఉన్నానన్నాడు. అప్పుడు ప్రవక్త, బాటసారికి నమాజులో సగాన్ని, బాటసారికీ గర్భిణికీ పాలిచ్చే తల్లికీ ఉపవాసాన్ని దైవం సడలించాడని తెలియజేశారు. తిర్మిజీ, అబూ దావూద్ మొదలైనవారి సంకలనాలలో ఈ కథనం ఉన్నది. ప్రవక్త పళ్ళెంలోని ఆహారాన్ని ఆనాడు తాను రుచిచూడలేకపోతినే అని అనస్ ఆ తరువాత విచారించాడట. ఉపవాసం ఉండటం కంటె ఉండకపోవడమే మేలైన ఘట్టాలు ఉంటాయన్న సంగతిని ఈ విచారం ఎంతో సున్నితంగా పట్టి ఇస్తుంది.

ఋతుస్రావ దినాలలోను, ప్రసవానంతర స్రావ దినాలలోను స్త్రీ రోజా ఉండరాదు. అక్కడ నిర్ణయమనేదే లేదు, నిషేధం ఉన్నది. గర్భిణి విషయంలో నిషేధమూ లేదు, నిర్బంధమూ లేదు. తనకు గాని శిశువుకు గాని హాని కలుగునన్న భయం ఉంటే మానవచ్చుననే అనుమతి ఉన్నది. ధర్మశాస్త్ర పరిభాషలో దీనిని రుఖ్సత్ అంటారు. నిషేధాన్ని పాటించడానికి ఆలోచన అక్కరలేదు. అనుమతిని వినియోగించుకొనడానికి ఆలోచన కావాలి, కొన్నిసార్లు ధైర్యం కూడ కావాలి. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 దినాలు, గర్భస్థ కాలం సుమారు 266 దినాలు అని లెక్కిస్తే ప్రతి అయిదు గర్భాలలో నాలుగింటికి రంజాన్ ఏదో ఒక దశలో తగులుతుంది. 2011 జనగణన ప్రకారం 17 కోట్లకు పైగా ముస్లిములు గల ఈ దేశంలో ఈ ప్రశ్న ఏటా లక్షలాది ఇళ్ళ గడప తొక్కుతుంది. అయినను బహిరంగ చర్చలో దాని ఊసు అరుదు.

ఆ భయాన్ని ధర్మవేత్తలు తూచిన తీరు ఆసక్తికరమైనది. భారతీయ ముస్లిములలో అధిక సంఖ్యాకులు అనుసరించే హనఫీ సంప్రదాయంలో, భయం తన గురించి అయినా శిశువు గురించి అయినా, విడిచిన దినాలను తరువాత పూరించడం, అంటే ఖజా చెల్లించడం చాలును. కేరళ మాప్పిళ్ళలు, కొంకణ తీరవాసులు, హైదరాబాదులోని బార్కస్‌లో స్థిరపడిన హద్రమౌత్ అరబ్బుల సంతతివారు అనుసరించే షాఫయీ సంప్రదాయం మరొక భేదాన్ని చూపింది. తల్లి తన ఆరోగ్యానికి భయపడి మానితే ఖజా మాత్రమే. కేవలం శిశువు కొరకు మానితే ఖజాతోపాటు దినానికి ఒక పేదకు అన్నం పెట్టాలి. దీనిని ఫిద్యా అంటారు. ఒక సడలింపు వలన ఇద్దరు లబ్ధి పొందారు గనుక పరిహారమూ రెండు విధాలు అన్నది అందలి హేతువు. కడుపులోని శిశువును ప్రత్యేక వ్యక్తిగా లెక్కించిన తర్కం ఇది. హంబలీ వ్యాఖ్యాతలు ఇంకొక అడుగు ముందుకు వేసి, అట్టి సందర్భంలో అన్నదాన వ్యయాన్ని శిశువును పోషించవలసినవాడే భరించాలన్నారు. అనగా సామాన్యంగా తండ్రి. శతాబ్దాలనాటి గ్రంథాలలో ఒక మూల పడి ఉన్న ఈ చిన్న వాక్యం విలువైనది. గర్భిణి ఉపవాసం ఆమె ఒక్కతె వ్యవహారం కాదని అది గుర్తించింది. ప్రవక్త సహచరులైన ఇబ్న్ అబ్బాస్, ఇబ్న్ ఉమర్‌ల అభిప్రాయంగా ఫిద్యా ఒక్కటే చాలునని, ఖజా అవసరం లేదని చెప్పే కథనాలు కూడ ఉన్నవి. ఆ మతాన్ని అనుసరించినవారు తక్కువ.

అయితే ఆ భయం సహేతుకమని నిర్ణయించేది ఎవరు? హనఫీ గ్రంథాలు స్పష్టమైన సమాధానమే ఇచ్చాయి. లక్షణాలను బట్టి గాని, పూర్వానుభవాన్ని బట్టి గాని, నిపుణుడు, విశ్వసనీయుడు అయిన ముస్లిం వైద్యుని మాటను బట్టి గాని ఆమెకు హాని సంభవమని బలంగా తోచాలి. వైద్యుని మతం కంటె నైపుణ్యమే ప్రధానమని నేటి పండితులు కొందరు భావిస్తారు. మొత్తానికి శాస్త్రం కోరినది రుజువును కాదు, ప్రబలమైన సంభావ్యతను. లేశమాత్రపు ఊహ చాలదు. నిశ్చయమైన హాని కొరకు వేచి ఉండనక్కరలేదు. ఆ సంభావ్యత తెలియవలసినది ఆమె బుద్ధికే. అత్తగారి అనుమతి, భర్త ఆమోదం, మసీదు నుండి లిఖితపూర్వకమైన పత్రం షరతులుగా ఎక్కడా కనిపించవు. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ (1863-1943) స్త్రీల కొరకు ఉర్దూలో రచించిన ‘బిహిష్తీ జేవర్’ ఉత్తర భారతంలో పెళ్ళికూతుళ్ళకు కానుకగా ఇచ్చే గ్రంథం. గర్భిణికి, పాలిచ్చే తల్లికి గల ఈ అనుమతి అందులోనూ సూటిగానే ఉన్నది. కాకపోతే దాదిని పెట్టగల సంపన్నుని భార్య కేవలం పాలివ్వవలసి ఉన్నదని రోజా మానరాదని, బిడ్డ అన్యుల పాలు ముట్టనిచో మానవచ్చునని ఒక ఉపనియమం చేర్చారు. ఎవరి ఇంట ఏ వసతి ఉన్నదో చూడనిదే ధర్మం చెప్పలేమన్న ఎరుక ఆ ఉపనియమంలో ఉన్నది.

మరి వైద్యశాస్త్రం ఏమి చెబుతున్నది? గర్భం చివరి నెలలలో ఉన్న స్త్రీ నిరాహారంగా ఉంటే రక్తంలోని చక్కెర ఇతరులకంటె త్వరగా తగ్గి, శరీరం కొవ్వును ఖర్చుచేయడం మొదలవుతుందని 1982లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. బర్మింగ్‌హామ్ నగరంలో జన్మించిన 13 వేలకు పైగా శిశువుల జనన వివరాలను పరిశీలించి 1990లో ప్రకటించిన అధ్యయనం నెలలు నిండి పుట్టిన శిశువుల సగటు బరువుపై రంజాన్ ప్రభావం లేదని తేల్చింది. 2011లో ఆల్మండ్, మజుందార్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు జనన పత్రాలను పరిశీలించి బరువు కొంత తగ్గినదన్నారు. 2015లో వారే మరొక పరిశోధకునితో కలిసి, తొలి మాసాలలో రంజాన్ తగిలిన పాకిస్తానీ, బంగ్లాదేశీ కుటుంబాల పిల్లలు ఇంగ్లండులో ఏడేళ్ళ వయసు పరీక్షలలో స్వల్పంగా వెనుకబడినట్లు చూపారు. 2018లో అంతవరకు జరిగిన అధ్యయనాలను క్రోడీకరించిన సమీక్షకు జననబరువు విషయంలో గాని, నెలలు నిండని కాన్పుల విషయంలో గాని స్పష్టమైన తేడా కనబడలేదు. ఇందులో ఒక చిక్కును గమనించాలి. ఆర్థికవేత్తల పద్ధతి తేదీలను పోల్చుతుంది. ఏ తల్లి రోజా ఉన్నది, ఏ తల్లి మానినది అని అడగదు. పత్రికా శీర్షికలు ఈ భేదాన్ని విస్మరించి ఒకనాడు భయపెడతాయి, ఒకనాడు భరోసా ఇస్తాయి. మధుమేహం, రక్తపోటు, తీవ్రమైన రక్తహీనత గల గర్భిణి విషయంలో మాత్రం వైద్యులకు సందేహం లేదు. ఉపవాసం వద్దనే చెబుతారు. భారతదేశంలో గర్భిణులలో 52.2 శాతం మంది రక్తహీనులని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినందున, ఆ మినహాయింపు వర్తించేవారు కొద్దిమందే అనుకొనడానికి వీలులేదు.

ఇంత స్పష్టమైన అనుమతి ఉన్నప్పటికిని, దక్షిణాసియా నుండి ఆగ్నేయాసియా వరకు జరిగిన సర్వేలలో గర్భిణులు అధిక సంఖ్యలో కొన్ని దినాలైనా రోజా ఉంటున్నట్లే వెల్లడైంది. దీనిని అజ్ఞానమని కొట్టివేయడం అధికార వర్గాలకు అలవాటైన తొందరపాటు. రంజాన్ ఒక సామూహిక కాలం. సహరీ వేళ ఇల్లంతా మేల్కొంటుంది. ఇఫ్తార్‌కు ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ చేరుతుంది. ఆ లయలో ఆకలి తేలిక అవుతుంది. ఖజా రోజా అట్లు కాదు. ఇల్లంతా మామూలుగా తిని తిరుగుతున్న దినాన ఒక్కతె తెల్లవారుజామున లేచి, తానే వండుకొని, తనకై తానే ఆకలిని భరించాలి. ఒక ఏడు గర్భం, మరొక ఏడు చంటిబిడ్డ. రెండు రంజాన్‌లకే సుమారు 60 దినాల బాకీ. మూడు కాన్పుల తల్లికి ఆ బాకీ తీరేసరికి పిల్లలు బడికి పోతుంటారు. ప్రవక్త సతి ఆయిషా సైతం రంజాన్‌లో తప్పిన దినాలను మరుసటి రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ మాసంలో గాని పూరించలేకపోయేదాన్నని చెప్పినట్లు బుఖారీ, ముస్లిం సంకలనాలలో ఉన్నది. హిందూ ధర్మశాస్త్రాలు వ్రతం పట్టలేని గర్భిణికి ప్రతినిధిని అంగీకరించాయి. ఆమె బదులు మరొకరు ఆచరించవచ్చును. ఖజాలో అట్టి వెసులుబాటు లేదు. కనుక నలుగురితోపాటు ఇప్పుడే ఉండిపోవడం మేలని ఒక గర్భిణి తలచితే ఆ లెక్కలో వివేకం లేకపోలేదు. ఆరోగ్యవతి అయి, శీతకాలపు కురచ పగళ్ళలో, బాగా ఆలోచించి రోజా ఉండే స్త్రీని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

తప్పుపట్టవలసినది వేరొకటి ఉన్నది. అనుమతిని వాడుకొనడం బలహీనత, వాడుకొనకపోవడం భక్తి అనే భావన. తన దేహం ఒక్కటే పణంగా ఉన్నప్పుడు అధిక కష్టాన్ని కోరుకొనడం సాధకుని ఇష్టం. ఇక్కడ పణంగా ఉన్నది రెండవ ప్రాణం కూడ. తాను సంకల్పం చెప్పుకొనలేని, మానలేని ఒక ప్రాణిని తన తపస్సులో భాగస్వామిని చేయడానికి భక్తి ఒక్కటే చాలిన కారణం కాదు. పైపెచ్చు రుఖ్సత్ కూడ దైవదత్తమే అయినప్పుడు దానిని తిరస్కరించడంలో అధిక పుణ్యమెక్కడిది? హిజ్రీ 8వ సంవత్సరం (క్రీ.శ. 630) రంజాన్‌లో మక్కాకు సాగిన ప్రయాణంలో ప్రవక్త రోజా ఉన్నారు, అనుచరులూ ఉన్నారు. కురా అల్ గమీమ్ అనే చోట ఆయన నీటిపాత్ర తెప్పించి, అందరికీ కనబడేటట్లు పైకెత్తి, త్రాగారు. ఆ తరువాతకూడ కొందరు రోజా కొనసాగిస్తున్నారని తెలిసి వారిని అవిధేయులని మందలించినట్లు సహీహ్ ముస్లిం చెబుతున్నది.

పాత్రను పైకెత్తడంలోనే ఈ ఘటన మర్మమంతా ఉన్నది. అనుమతి ఉన్నదని అనుచరులకు తెలియదని కాదు; నాయకుడు మానందే తాము మానడానికి వారికి మనసొప్పలేదు. గర్భిణి స్థితి సరిగ్గా ఇదే. ఆమె వంటింటి తలుపు చాటున నాలుగు ముద్దలు తిని, గ్లాసు కడిగి బోర్లించి, బావగారి ఎదుట పొడి పెదవులతో తిరగవలసి వస్తే ఆ అనుమతి కాగితం మీద ఉన్నట్లు గాని ఇంట్లో ఉన్నట్లు కాదు. మధ్యాహ్నం ఆమెకు పళ్ళెం వడ్డించి ముందు పెట్టవలసినది అత్తగారే. తరావీహ్ నమాజు అనంతరం ఇమామ్ రెండు వాక్యాలు చెప్పినా ఎందరి ఇళ్ళలోనో ఆ పళ్ళెం సాధ్యమవుతుంది. మరొక విషయం కూడ చెప్పవలసి ఉన్నది. ఉద్దేశపూర్వకంగా రోజా భంగం చేస్తే 60 దినాల ఎడతెగని ఉపవాసం కఫ్ఫారాగా పడుతుందన్న నియమం తెలిసిన స్త్రీ కళ్ళు తిరుగుతున్నా పంటి బిగువున సాయంత్రం వరకు ఓర్చుకొంటుంది. నిజమైన అపాయ భయంతో మధ్యలో విరమిస్తే కఫ్ఫారా లేదు, ఆ ఒక్క దినపు ఖజాయే అన్నది ఆమె చెవిన పడదు. నిర్ణయం నెలకొక్కసారి తీసుకొనేది కాదని, ప్రతి సహరీ వేళ, అవసరమైతే మిట్టమధ్యాహ్నం కూడ మార్చుకొనదగినదని తెలిస్తే సగం సంకటం తీరుతుంది.

ప్రభుత్వ యంత్రాంగం చేయదగిన పని చిన్నదే. తెలంగాణలో 2015లో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకం అంగన్‌వాడీ కేంద్రంలోనే గర్భిణికి ఒక పూట సంపూర్ణ భోజనం, గుడ్డు, పాలు అందించాలని సంకల్పించింది. మధ్యాహ్నపు భోజనం రోజా ఉన్న గర్భిణికి ఉపకరించదు. ఇఫ్తార్ వేళకు ఆ ఆహారం ఇంటికి చేరే మార్గం కేంద్రాలు ఆలోచించాలి. ఇనుము మాత్రను ఇఫ్తార్ టీతో మింగితే అది శరీరానికి సరిగా పట్టదని, నిమ్మరసంతో మేలని ఆశా కార్యకర్త చెప్పవచ్చును. ఉపవాసం ఉంటున్నారా అని ఆమె నిందాస్వరం లేకుండా అడగగలగాలి. మందలిస్తారన్న భయంతో గర్భిణి లేదని బదులిస్తే రక్తపరీక్ష కాగితానికి అర్థమే మారిపోతుంది.

రంజాన్ ఏటా దాదాపు 11 దినాలు ముందుకు జరుగుతుంది. 2018లో మే మధ్యలో మొదలైన మాసం 2030లో ఒకమారు జనవరిలో, మరొకమారు డిసెంబరు చివర మొదలవుతుంది. వేసవిలో విడిచిన దినాన్ని వేసవిలోనే పూరించాలని ధర్మవేత్తలెవరూ అనలేదు. మే నెల ఎండలో రాయలసీమ గర్భిణి విడిచిన పదునాలుగు గంటల పైబడిన పగలు, మార్గశిరపు చలిలో గంటకు పైగా తక్కువ నిడివితో తీరిపోతుంది. పెద్దవారు పలువురు రంజాన్ ముగిసిన వెంటనే షవ్వాల్ మాసంలో ఐచ్ఛికంగా ఆరు రోజాలు ఉంటారు. కొన్ని ఇళ్ళలో కోడలి ఖజాలు కూడ ఆ దినాలలోనే మొదలవుతాయి. సహరీకి లేచి పొయ్యి వెలిగించేది అత్తగారే.