వేయడమా, వేయించడమా?

పోలింగ్ రోజున మన విచారణ పాఠశాల మెట్ల దగ్గర ఈ దృశ్యాన్ని మీరు చూసే ఉంటారు. కాళ్లు పడిపోయిన పెద్దాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కుర్రాళ్లు వరండా మీదికి మోసుకుపోతారు. అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోదగిన పనే. కాని ప్రియ పాఠకులారా, ఆ కుర్చీలోని మనిషి మొహం ఎప్పుడైనా చూశారా? తన హక్కు కోసం వచ్చినవాడు నలుగురి దయ మీద గాలిలో వేలాడవలసి వచ్చింది.

పోలింగ్ కేంద్రాల్లో ర్యాంపులు ఉండాలని 2004లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రతి కేంద్రమూ వికలాంగులకు అందుబాటులో ఉండేలా చూడడం ఎన్నికల సంఘం బాధ్యత అని 2016 నాటి చట్టం చెబుతున్నది. ర్యాంపుకు ఒక లెక్క ఉంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. అంటే రెండున్నర అడుగుల వరండాకు ముప్పై అడుగుల వాలు కావాలి. ముందురోజు సాయంత్రం రెండు చెక్కలు ఆనించి పెడితే అది ర్యాంపు కాదు, జారుడుబల్ల! ఎన్నికలకు గదులిచ్చే మన పాఠశాలల్లో సిమెంటుతో శాశ్వతంగా కట్టిస్తే మిగతా రోజుల్లో పిల్లలకూ పనికొస్తుంది.

మెట్లు ఎక్కడం అయ్యాక అసలు చిక్కు మొదలవుతుంది. ఓటు రహస్యంగా ఉండాలి. చూపులేని మనిషికి సాయమూ ఉండాలి. ఈ రెండూ ఒకచోట ఎలా పొసుగుతాయి? నిబంధనలు ఒక మధ్యేమార్గం చూపాయి. గుర్తు పోల్చుకోలేనివారు, మీట నొక్కలేనివారు పద్దెనిమిదేళ్లు నిండిన ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు. ఆ తోడు వచ్చినవారు ఓటును గుట్టుగా ఉంచుతామని రాసివ్వాలి. ఒకే రోజున ఇంకొకరికి తోడు వెళ్లకూడదు. ఓటరు నడవలేకపోయినా స్వయంగా నొక్కగలిగితే తోడు వచ్చినవారు అట్ట తెర దాకానే, లోపలికి కాదు. ఎంత జాగ్రత్తగా గీసిన గీత!

కాని ఆ తెర వెనుక ఏం జరిగిందో చట్టం చూడలేదు. 2019 ఎన్నికలలో మా నాన్నకు తోడు వెళ్లినవాణ్ణి నేనే. వృద్ధాప్యంలో ఆయన చూపు పూర్తిగా పోయింది. నాన్న చెప్పిన గుర్తు నాకు ఇష్టం లేదు. దారిలో వాదించాను కూడా. లోపల ఆయన చెప్పినదే నొక్కాను. కాని నొక్కే ముందు నా వేలు ఒక్క క్షణం ఆగింది. ఏడు సెకన్లు కనిపించే కాగితపు చీటీని నేను చూశాను, ఆయన చూడలేడు. బయటికి వచ్చాక, "నొక్కావా రా?" అన్నాడు. "నొక్కాను నాన్నా" అన్నాను. ఆయన దగ్గరున్న రుజువు నా మాట ఒక్కటే.

యంత్రం మీద బ్రెయిలీ అంకెలు ఉంటాయి. ఈ ప్రయోగం మొదట 2004లో మన హైదరాబాదులోనే, అప్పటి ఆసిఫ్‌నగర్ శాసనసభ ఉప ఎన్నికలో జరిగింది. బ్రెయిలీ చదివిన యువకుడు ఇవాళ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఓటు వేయగలడు. ముసలితనంలో చూపు పోయినవారికి ఆ చుక్కలు ఏం చెబుతాయి?

మన భాషలో ఒక మాట ఉంది. "అమ్మ చేత ఓటు వేయించాం" అంటాం, చాలా గర్వంగా. వేయించింది మనం. మరి వేసింది ఎవరు? అమ్మ మనసులో ఏ గుర్తు ఉందో అడిగామా, లేక ఇంట్లో అందరి ఓటూ ఒకటే కదా అనుకున్నామా? సాయం చేసినంత మాత్రాన ఆ ఓటు మనదైపోదు. దొంగ ఓటు అంటే మండిపడే మనం ఇంట్లో జరిగే ఈ చిన్న దొంగతనానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటున్నాం.

2024 లోక్‌సభ ఎన్నికలలో 85 ఏళ్లు దాటినవారికి ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు వచ్చింది. నాన్న పేరు ముందే రాయించాం. అధికారులు, పోలీసు, వీడియో తీసే కుర్రాడు వచ్చారు. బల్ల మీద అట్ట తెర నిలబెట్టారు. తోడు ఎవరుంటారని అడిగారు. నేను ముందుకు కదిలాను.

"వాడొద్దు. మనవరాలు ఉంటుంది" అన్నాడు నాన్న.

నేను వెళ్లి బయట అరుగు మీద కూర్చున్నాను.